ఒక గది, ఎప్పుడో ఒక సమావేశం

సమావేశం జరుగుతుందని సభ్యులందరికీ తెలియాలి; ఎప్పుడు జరుగుతుందో మాత్రం ఎవరికీ తెలియకూడదు. మా వీధి సంఘం ఎంతో మథనపడి సాధించిన గోప్యతా విధానం ఇదే.

వెనకటి పద్ధతి మరీ మోటుగా ఉండేది. సభ్యుల్లో సగంమంది దూరదేశాల్లో ఉన్నారు కాబట్టి సమావేశాలు ఫోన్లోనే. ఏ దేశంవాళ్లకు ఎన్ని గంటలకో కార్యదర్శిగారు (రిటైరైన లెక్కల మాస్టారు) విడివిడిగా రాసేవారు. ఒకసారి ఆ వరసలో కొత్త దేశం కనబడింది. ఎవరు అక్కడికి మారారో వీధంతా ఇట్టే కనిపెట్టేసింది. వారం తిరక్కుండా అతని ఇంట్లో చుట్టాలు దిగారు. (పెద్ద సూట్‌కేసులతో.) అతను ఫిర్యాదు చేశాడు.

అప్పటినుంచి ప్రకటనల్లో గంటలు నిషేధం. ఒకచోట సోమవారమైతే ఇంకోచోట ఇంకా ఆదివారమే కాబట్టి, వారం పేరు కూడా ఆచూకీ కిందికే వస్తుందని గోప్యతా ఉపసంఘం తేల్చింది. (అందులో ఎవరున్నారో అడగకూడదు.) సమావేశంలో చేరే లింకు అందరికీ కలిపి పంపితే ఒకరి నంబరు ఒకరికి తెలుస్తుంది. విడివిడిగా పంపితే అందరివీ మాస్టారికి తెలుస్తాయి. అందుకని లింకును ఆయన తనకు తానే పంపుకుంటారు.

ఈమధ్య సంఘ భవనం తలుపుమీద ప్రకటన వెలిసింది. (దూరదేశాలవాళ్లు వచ్చి చదువుకోవచ్చు.) "భవనంలోని ఒక గదిని కుర్చీలు పెట్టుకోవడానికి తీసుకునే విషయమై ఆన్‌లైన్ సమావేశం. అభ్యంతరాలు అందులోనే చెప్పాలి."

ఆ గదిలో మా అత్తయ్య మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఇల్లు గడిచేది దానిమీదే. నన్ను వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళ్లింది.

"మీటింగ్ ఎప్పుడండీ మాస్టారూ?"

"అదొక్కటీ అడక్కమ్మా."

"నా గది గురించేగా? నేను లేకుండా ఎలా?"

"నీ గదని నేనన్నానా? ఒక గది అన్నాను. ఎవరిదో బయటపెట్టడం పద్ధతి కాదు."

"ఆ బిల్డింగుకి ఉన్నదే ఒక్క గది కదండీ!"

"చూశావా, నీ గుట్టు నువ్వే విప్పుకున్నావు."

"పోనీ, పగలా రాత్రా? అదైనా చెప్పండి."

"ఎక్కడి పగలు? అది చెబితే ఎవరెక్కడున్నారో తెలిసిపోదూ?" అని ఆయన కళ్లజోడు తుడుచుకుని, కావాలంటే దరఖాస్తు పెట్టుకోమన్నారు.

పెట్టుకున్నాం. దరఖాస్తు అందిందనీ, గోప్యత దృష్ట్యా పంపినవారి పేరు చూడలేదనీ, కాబట్టి జవాబు ఎవరికివ్వాలో తెలియలేదనీ తలుపుమీద జవాబు వచ్చింది.

అత్తయ్య ఫోను దారపు డబ్బాకి ఆనించుకుని కుట్టసాగింది. మధ్యమధ్య దానివైపు చూస్తూ ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టేసింది. ఫోను మాత్రం మోగలేదు.

సమావేశం జరిగిపోయింది. హాజరైనవారు కెమెరాలు ఆపి, పేర్లు దాచి, గొంతు వినబడకుండా పాల్గొన్నారనీ, అభ్యంతరం ఎవరి గొంతునుంచీ వినబడలేదనీ, తీర్మానం ఏకగ్రీవమనీ మాస్టారు ప్రకటించారు.

మర్నాడు, కుట్టిన బట్టలు గదిలోంచి తీసుకుని ఇచ్చి వద్దామని అత్తయ్యా నేనూ వెళ్లేసరికి భవనం తలుపుమీద కొత్త కాగితం అంటించి ఉంది.

"ఒక గది మూసివేయబడింది. ఏ గదో గోప్యం. ఎవరి తాళంచెవి పట్టదో, ఈ ప్రకటన వారికే."