బావగారి ఏడో సూది

షుగర్ వ్యాధి లేనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకంటూ ఒక ఫైలు లేదు. టోకెన్ నంబరు లేదు. ఫలానా మంగళవారం ఫలానా గదికి తప్పకుండా రమ్మని పిలిచేవాళ్లు లేరు. అదీ ఒక బతుకేనా!

నమ్మకపోతే మా బావగారిని చూడండి. మా అక్క భర్త, వృత్తి దర్జీ. షుగర్ రాకముందు ఆయన లోకమంతా ఎనిమిది అడుగుల కొట్టు. ఒక కాలి మిషను, ఒక ఇస్త్రీపెట్టె, మెడలో టేపు. పలకరించే ప్రతివాడూ "ఇంకా కుట్టలేదా?" అనేవాడే. ఇప్పుడో? కళ్లకో డాక్టరు, కిడ్నీలకో డాక్టరు, గుండెకొకరు, నరాలకొకరు, పళ్లకొకరు, అందరికీ పెద్దగా షుగరుకొకరు! ఆరు డిపార్టుమెంట్లు, నాలుగు అంతస్తులు. ఏ మంత్రిగారికైనా ఇంత పరివారం ఉంటుందా?

ఫైలు సంగతి చెప్పనే లేదు. నా పెళ్లి ఆల్బమ్ కంటే లావు. మా అక్క దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కుతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద వరం, తిమ్మిరి. బావగారి పాదాల్లో స్పర్శ పోయింది. గడప తగిలితే మీరూ నేనూ కాలు పట్టుకుని గెంతులేస్తాం. ఆయన నింపాదిగా దాటిపోతారు. ఎండకు కాలిన బండలైనా ఒకటే, చల్లటి గచ్చయినా ఒకటే. దోమలు ఆయన్ను కుట్టి కుట్టి, మనిషిలో ఉలుకూ పలుకూ లేదని విసుగెత్తి, మా అక్క మీదికి పోతాయి.

బావగారికి ఒక నియమం ఉంది. కొట్టులో చేతికుట్టు సూదులు ఏడు. సాయంత్రం కొట్టు కట్టేముందు ఏడూ లెక్క తేలాలి. ఒకటి తగ్గిందంటే ఎవరి బట్టల్లోనో ఉండిపోయినట్టే. అది దొరికేదాకా ఒక్క గుడ్డ కూడా కొట్టు దాటదు. కస్టమరు ఒంట్లో సూది గుచ్చుకుంటే ఇక తాను దర్జీనే కాదంటారు.

ఒకరోజు లెక్క ఆరు దగ్గర ఆగింది.

ఇక చూడండి హడావిడి! లాయరుగారి కోటు లైనింగు మొత్తం విప్పేశారు. యూనిఫారాల జేబులన్నీ తిరగేశారు. అయస్కాంతానికి దారం కట్టి నేలంతా ఈడ్చారు. లాయరుగారు రోజూ వచ్చి చిందులు తొక్కినా కోటు ఇవ్వలేదు. తొమ్మిది రోజులు ఇదే పని. దుప్పటి మీద గోధుమరంగు మరక చూసి మా అక్క అడిగితే, "మిషను నూనె అయ్యుంటుందిలే" అన్నారు.

ఆ తొమ్మిది రోజుల్లో మూడుసార్లు ఆసుపత్రికీ వెళ్లారు, చెప్పులు గుమ్మం బయటే విప్పి. కంటి డాక్టరు కన్ను చూసి భేష్ అన్నారు. కిడ్నీ డాక్టరు రిపోర్టు చూసి తలాడించారు. పాదాల సంగతి షుగరువాళ్లు చూస్తారని నరాల డాక్టరు రాశారు. నరాలవాళ్లు చూశారు కదా అని షుగరు డాక్టరు రాశారు. ఎవరి పని వాళ్లు ఎంత చక్కగా చేశారో!

తొమ్మిదో రోజు ఆసుపత్రి హాల్లో ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. షుగర్ రోగుల జీవితం ఎంత నాణ్యంగా ఉందో కనుక్కునే సర్వే అట.

"అంకుల్, ఈ నెలలో నొప్పి ఎంత? సున్నా నుంచి పది లోపల చెప్పండి."

"సున్నా అమ్మా."

"సంతోషం?"

బావగారికి ఆరోజు ఫ్యాను కింద సీటు దొరికింది. "ఎనిమిది వేసుకో" అన్నారు.

హాలు మొత్తం మీద అంత నాణ్యమైన జీవితం ఇంకెవరికీ లేదని ఆ అమ్మాయి మెచ్చుకుని వెళ్లింది.

ఆ వెనకే నేల తుడిచే ఆవిడ వచ్చింది, చీపురుకర్ర ఎత్తుకుని. "ఎవరయ్యా అది! తుడిచిన చోటల్లా ఎర్రగా అడుగులేసుకుంటూ పోయారు! కళ్ల గది నుంచి తుడుచుకుంటూ వస్తున్నా!" అడుగులు వచ్చి వచ్చి బావగారి బెంచీ దగ్గర ఆగాయి. ఆవిడ నడుమ్మీద చెయ్యి వేసుకుంది.

"పెద్దాయనా, కాలెత్తు."

ఆరు డిపార్టుమెంట్లలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. బావగారు కుడికాలు ఎత్తారు. తెల్లగా నానిపోయిన పుండులోంచి సూది బెజ్జం తొంగిచూస్తోంది. మిషను తొక్కేటప్పుడు చెప్పులు విప్పేయడం ఆయనకు నలభై ఏళ్ల అలవాటు.

మా అక్క ఫైలు బెంచీ మీద పడేసి ఆ కాలు పట్టుకుంది. బావగారు మాత్రం ముఖమంతా వెలిగిపోతూ, "హమ్మయ్య! దొరికిందే! లాయరుగారికి కోటు ఇచ్చెయ్యొచ్చు" అన్నారు.

ఆ పూటే ఏడో డిపార్టుమెంటు కూడా దక్కింది, సర్జరీ! బొటనవేలూ దాని పక్కవేలూ తీసేశారు. మిషను నడిపేది ఆ కాలే. ఆ ఇల్లు నడిపేదీ ఆ కాలే. నాకు ఏడుపొచ్చింది. ఇంతసేపూ వరం వరం అన్నవాణ్ణి, మంచం పక్కన నిలబడి తల తిప్పుకున్నాను.

బావగారే అన్నారు, "నేనూ చేతులు వేరే, కాలరు వేరే కత్తిరిస్తానురా. కానీ చివర్లో అన్నీ కలిపి కుట్టి, మనిషికి తొడిగి చూస్తాను. ఇక్కడ నన్ను కలిపి కుట్టేవాళ్లెవరు?"

ఇంటికి పంపేముందు ఒక ఫారం ఇచ్చారు. అన్నిటికంటే బాగా ఉపయోగపడిన విభాగానికి టిక్కు పెట్టమన్నారు. ఏడు గళ్లు ఉన్నాయి. బావగారు పెన్సిలు తీసుకుని, కొలిచి గీసినట్టుగా ఎనిమిదో గడి గీశారు. పక్కన "నేల తుడిచే ఆవిడ, రక్తపు అడుగులు చూసి" అని రాసి, టిక్కు పెట్టారు.

ఆసుపత్రి వాళ్లు ఊరుకుంటారా? వెంటనే చర్య తీసుకున్నారు! మొన్న మళ్లీ వెళ్తే హాలంతా ముదురు ఎరుపు షీటు పరిచి ఉంది.

"మీ కాగితం చదివి పరిపించారంటయ్యా" అంది నేల తుడిచే ఆవిడ, చీపురుకర్రకు గడ్డం ఆనించి. "ఇక మరకలు కనబడవంట."

బావగారు ఆ షీటు కేసి చూశారు. తర్వాత చేతికర్ర పక్కన పెట్టి, ఇక మరకలు కంటికి ఆనవు కాబట్టి బెంచీ ముందు చతికిలబడి, మొదట కూర్చున్నాయన్ను అడిగారు. "అయ్యా, ఒక్కసారి కాలెత్తుతారా?" లైనింగులో సూది వెతికినట్టు అరికాలంతా వేళ్లతో తడిమారు. తర్వాత రెండో ఆయన్ను అడిగారు.

మూడో ఆయన దగ్గర వేళ్లు తడిశాయి.

"నొప్పుందా అయ్యా?" అని అడిగారు బావగారు.

"అబ్బే, సున్నా!" అన్నాడాయన, గర్వంగా.