మూలనున్న ముప్ఫయ్యో సిస్టమ్

పదింటికి ప్రాక్టికల్ పరీక్ష మొదలుపెట్టి, ఒంటిగంటకి ముగించి, రెండింటి బస్సుకి పలాస వెళ్ళి పడుకోవాలి. ఆ ఉదయం ఉమాపతి వేసుకున్న పథకం అంతే. టెక్కలిలోని ఓ ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ని తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న మనిషికి అంతకన్నా పెద్ద కోరికలు మిగలలేదు. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ రిపోర్టు చూశాకే ఈసారి కాంట్రాక్టు పొడిగిస్తానని ప్రిన్సిపాల్ లోకనాథ్ తేల్చేశారు.

తొమ్మిదింటికి సిస్టమ్‌లు ఆన్ చేస్తే, రెండు లైన్ల ప్రోగ్రామ్‌కి కూడా, దాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ కుప్పకూలింది. మేడమీద సర్వర్ దగ్గరున్న కొత్త లెక్చరర్ శ్రీవిద్యకి ఫోన్ చేశాడు.

"నిన్న సాయంత్రం సర్వర్ నుంచి అన్నిటికీ, కంపైలర్ వాడుకునే లైబ్రరీ ఫైళ్ళ కొత్త వెర్షన్ ఎక్కించాను సార్. పరీక్ష కదా, బాగుంటుందని."

"కంపైలర్ పాతదే ఉంది కదమ్మా! రెండూ ఒక వెర్షన్‌వే ఉండాల. సర్లే, నేను సూత్తాను."

కొత్తపిల్లను నొప్పించడమెందుకని ఉమాపతి కింద నుంచి పాత లైబ్రరీ ఎక్కించాడు. పెద్దాయనకి పని పెట్టానే అని సిగ్గుపడి, శ్రీవిద్య పైనుంచి కొత్త కంపైలర్ ఎక్కించింది. మళ్ళీ కూలింది.

పాపం, అంత కష్టపడిందని అతను కొత్త లైబ్రరీ పెట్టాడు. సార్ చేసినదాన్ని కాదనడానికి నేనెవరినని ఆమె పాత కంపైలర్ పెట్టేసింది. మర్యాదకి లోటు రాలేదు గానీ పని మొదటికొచ్చింది. మళ్ళీ ఫోన్.

"ఇంక నేను ముట్టనమ్మా, నువ్వే సెయ్యి."

"అయ్యో, మీరే చెయ్యండి సార్. మీ అనుభవం ముందు నేనెంత?"

"కాదమ్మా, నువ్వే..."

ఇంతలో ఎగ్జామినర్ తిరుమలరావు లోపలికొచ్చి కూర్చున్నారు. వెనకాలే ప్రిన్సిపాల్. ఉమాపతి ఫోన్ పెట్టేశాడు. అటెండర్ తవిటయ్య చెవి దగ్గరకొచ్చాడు.

"బాబూ, ఆ మూలది పన్జేత్తంది. సీపురుకి అడ్డొత్తందని దాని తీగ మొన్న నానే పీకీసినాను. తిట్టకండి."

సర్వర్‌తో కలిపే తీగ లేదు కాబట్టి దాన్ని ఎవరి మర్యాదా తాకలేదు; పాత కంపైలర్, పాత లైబ్రరీ అలాగే ఉన్నాయి. ఆ తీగ పీకొద్దని ఏడాదిగా తిడుతున్న ఉమాపతి, తవిటయ్యకి దండం పెట్టబోయి ఆగాడు.

ముప్ఫైమంది పిల్లలు కాగితాల మీద రాసుకుని, ఒక్కొక్కరే ఆ సిస్టమ్ ముందు కూర్చున్నారు. రెండింటి బస్సు వెళ్ళిపోయింది, నాలుగింటిదీ వెళ్ళిపోయింది. తిరుమలరావు మార్కులు వేసుకుంటూ పోయారు. ఉమాపతి మనసులోనే ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నాడు. ఆరింటికి ఆయన పెన్ను మూశారు.

"నాలుగు కాలేజీలు తిరిగేనండి. ఒకడు కొడితే మిగతావాళ్ళంతా పక్కోడి తెర సూసి దించీడమే. ఇక్కడ దించడానికి పక్కనెవడూ లేడు. ఎవరిదండీ ఈ ఏర్పాటు?"

"శ్రీవిద్యగారిదండి," అన్నాడు ఉమాపతి, అలవాటు కొద్దీ.

"అయ్యో, సార్‌దేనండి," అంది అప్పటికి కిందికి దిగొచ్చిన శ్రీవిద్య.

కాంట్రాక్టు పొడిగించారు. ఇకపై ప్రాక్టికల్స్ అన్నీ ఇలాగే, ఒక్క సిస్టమ్ మీదే, పొద్దున్నించి సాయంత్రం దాకా జరుగుతాయి. ఇన్‌ఛార్జి ఉమాపతే. మిగతా ఇరవై తొమ్మిదింటి తీగలూ మర్నాడే పీకించారు.

తవిటయ్య చీపురుకి ఇప్పుడు అడ్డేమీ లేదు.