ముప్పై రెండు తాళాల నమ్మకం

“మా సభ్యులకీ నాకూ మధ్య ఉన్నది పార్టీ బంధం కాదు, నమ్మకమనే బంధం. దాన్ని ఏ శక్తీ తెంచలేదు!” అని అధినేత గుండెమీద చెయ్యేసుకుని విలేకరుల ముందు ప్రకటించారు. ప్రకటించిన గంటకల్లా తాళాల బాబాయికి కబురొచ్చింది. అతిథిగృహంలో ముప్పై రెండు గదులకు గొళ్ళేలు, తాళాలు బిగించాలి. బయటివైపు.

తాళాల బాబాయి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఊరెళ్ళేవాళ్ళంతా ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా బండెక్కుతారు. పాతికేళ్ళలో యజమానికి తెలియకుండా ఒక్క మారుతాళంచెవి చేసిన పాపాన పోలేదాయన.

గొళ్ళేలు బిగిస్తుంటే అధినేత సెక్రటరీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“సోమవారం సభలో విశ్వాస పరీక్ష. అందాకా మా సభ్యులు ఇక్కడ ఆత్మపరిశీలన చేసుకుంటారు.”

“మరి తాళాలెందుకండీ?”

“ఏకాగ్రత చెదరకుండా.”

“లోపల గడియ పెట్టుకుంటే చాలదా?”

“వాళ్ళ ఏకాగ్రత మీద మాకున్న శ్రద్ధ వాళ్ళకుండదు కదయ్యా!”

ఇంత శ్రద్ధగల పార్టీని బాబాయి ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం అధినేత స్వయంగా వచ్చి, తానూ చివరి గదిలో దిగి, ప్రతి తాళాన్నీ లాగి చూశారు. తాళంచెవుల గుత్తి బాబాయి చేతిలోనే పెట్టారు.

“పూటపూటకీ తలుపులు తీసి భోజనం పెట్టించి, మళ్ళీ వేసెయ్. గుత్తి ఎవరికీ ఇవ్వకు.”

“సెక్రటరీ గారున్నారు కదండీ?”

“ఆయన మీద నాకు సంపూర్ణ విశ్వాసముంది. అందుకని ఇవ్వకు.”

“మరి నన్నెలా నమ్ముతున్నారు బాబూ?”

“నీకు సభలో ఓటు లేదుగా!”

మర్నాడు పొద్దున్న ఫలహారం వేళ మొదటి గది సభ్యుడు బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. “బాబాయ్, మా అత్తగారు చావుబతుకుల్లో ఉంది. ఒక్క మారుతాళం చేసి బయటున్న మావాళ్ళకివ్వు.” రెండో గదిలో ఇంకో అత్తగారు. మధ్యాహ్నానికి చావుబతుకుల్లో ఉన్న అత్తగార్ల సంఖ్య పదకొండుకు చేరింది. అల్లుళ్ళకి ఇంత ప్రేమ ఉన్నందుకు బాబాయి కళ్ళు చెమర్చాయి గానీ, గుత్తి నడుముకే ఉంది.

పన్నెండో గది సభ్యుడికి అత్తగారు లేదు. ఆయన సూటిగా బేరంలోకి దిగాడు.

“నిన్ను తాళాల కార్పొరేషన్‌కి చైర్మన్‌ని చేస్తాను.”

“అలాంటి కార్పొరేషన్ ఉందా అండీ?”

“నువ్వు ఊఁ అంటే పుడుతుంది.”

వరండాలోకి రాగానే సెక్రటరీ చెవిలో గొణిగాడు. “అధినేత అంటే నాకు ప్రాణం. అయినా ఎందుకైనా మంచిది, నాకూ ఒక గుత్తి చేసిపెట్టు.”

బాబాయి బుర్ర గిర్రున తిరిగింది. ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకున్నాడు.

“చైర్మన్ అంటే కారిస్తారు కదూ?” అందావిడ.

“ఇస్తారు. కానీ నేనే దొంగ తాళంచెవులు చేశానంటే వీధివీధంతా చెవులు వెనక్కి పట్టుకుపోదూ?”

“పోతే పోనీ. కారుంటుందిగా!”

“ఉంటుందే. ఆ కారెక్కి ఊరెళ్తే మనింటి తాళంచెవి ఎవరికిచ్చి వెళ్దాం?”

సెక్రటరీ మొహం, పన్నెండో గది మొహం ఆవిడ టీవీలో చూసే ఉంది.

“నిజమే. కారొద్దులే” అని అన్నం వడ్డించింది.

సోమవారం ఉదయం బాబాయి తలుపులన్నీ తీశాడు. ముప్పై రెండు మందీ ఇస్త్రీ బట్టల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. బస్సు సిద్ధం, విలేకరులు సిద్ధం. అధినేత గది ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ గదికి తాళం లేదు.

సెక్రటరీ పరుగున వెళ్ళి హాల్లో టీవీ పెట్టాడు. ప్రతిపక్ష నాయకుణ్ణి కావలించుకుని అధినేత నవ్వుతున్నారు. “అంతరాత్మ పిలిచింది, వచ్చేశాను” అంటున్నారు.

సభ్యులంతా వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. పన్నెండో గది సభ్యుడు లేచి, “ముందుచూపంటే అదీ! అందుకే ఆయన నాయకుడయ్యాడు, మనం కాలేదు” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ బస్సెక్కారు. డ్రైవరు ఎటని అడిగాడు. ఎవరికీ తెలియదు గానీ, పోనివ్వమన్నారు.

బాబాయి గొళ్ళేలు ఊడదీస్తుంటే ఫోన్ మోగింది.

“ప్రతిపక్ష కార్యాలయం నుంచండీ. పని బాగా చేస్తారని విన్నాం. అర్జెంటుగా ఒక తాళం కావాలి. మాంచి గట్టిది.”

“ఒక్కటేనా అండీ? ఎవరి గదికి?”

“ఇవాళ పొద్దున్నే మామీద అపారమైన నమ్మకంతో ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయనకి.”