బార్‌లో నిశ్శబ్దం హానికరం

బార్‌లో గట్టిగా అరిచేవాడే అసలైన మర్యాదస్తుడు. మిగతావాళ్ళంతా ఉత్త తాగుబోతులు.

కోప్పడకండి. పన్నెండేళ్ళుగా సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఒకే బార్‌లో, ఒకే మూల టేబుల్ దగ్గర, ఒకే ఒక్క గ్లాసు ముందు కూర్చుంటున్నాను. ఈ మాత్రం చెప్పే హక్కు నాకుంది. ఊరి బడిలో నేర్చుకున్న మర్యాద నాకొకటే: ఇంకొకరు మాట్లాడుతుంటే నోరు మూసుకోవడం. అది బార్‌లో పనికిరాదని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఫోన్లో వీడియోలు సౌండు పెట్టి చూసే కస్టమర్ని తీసుకోండి. అందరూ అతణ్ణి తిట్టుకుంటారు. ఎందుకు? పాపం, తన ఆనందాన్ని పదిమందికీ పంచుతున్నాడు కదా! చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక్కడే నవ్వుకునే స్వార్థపరుడి కన్నా ఎంత నయం?

మా బార్‌కి వచ్చే పళ్ళ డాక్టరు అడక్కుండానే నా ఎదుటి కుర్చీలో కూలబడతాడు. ఆ రోజు పీకిన పళ్ళ గురించి తన నోరు తెరిచి మరీ వివరిస్తాడు. ఒకసారి పన్నే పట్టుకొచ్చి పల్లీల పక్కన పెట్టాడు. మర్యాద తెలిసినవాడైతే నా దరిదాపులకు వచ్చేవాడా? పన్ను వేరు వంకరగా కూడా ఉంటుందని నాకు తెలిసేదా?

చిటికెలేసి పిలిచేవాళ్ళ సంగతీ అంతే. కౌంటరు వెనక గ్లాసులు తుడిచే పెద్దాయన దీనికొక పద్ధతి పెట్టుకున్నాడు. మామూలుగా పిలిచినవాడికి మామూలుగా తుడిచిన గ్లాసు. చిటికేసినవాడికి పావుగంట సేపు తుడిచిన గ్లాసు. ఇంత శుభ్రత ఆస్పత్రిలో దొరుకుతుందా!

కాబట్టి గోలంటే నాకు గౌరవం. మా బార్‌లో నాకు గిట్టని మర్యాద ఒక్కటే ఉంది.

ఎవరికైనా ఇంటి నుంచి ఫోనొస్తే అతను చెయ్యెత్తుతాడు. అంతే. పాట ఆగిపోతుంది. డ్రిల్లు మాస్టారు నవ్వుని సగంలో మింగేస్తాడు. గ్లాసు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోతాడు. ఆ చెయ్యి మళ్ళీ దిగేదాకా ముప్ఫైమంది ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటారు. తోటి కస్టమర్ కాపురం నిలబెట్టడం కన్నా మించిన మర్యాద ఏముందని వాళ్ళ వాదన.

ఆ నిశ్శబ్దంలో ఇన్సూరెన్సాయన ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానంటాడు. ఒక్క హారన్ కూడా మోగని ట్రాఫిక్! డ్రిల్లు మాస్టారు గ్రౌండులో రెండొందలమంది పిల్లల్ని ఆడిస్తున్నానంటాడు. పిల్లలంతా మూగనోము పట్టారు కాబోలు!

నేనేం తక్కువ తినలేదు. అచ్చాఫీసులో పనిచేసే రోజుల్లో ఓ సాయంత్రం ఆరున్నరకి నేనూ చెయ్యెత్తి, ప్రెస్సులోనే ఉన్నాను, మిషను నడుస్తోందని చెప్పాను. మా ఆవిడ కాసేపు విన్నది.

"మిషను నడుస్తోందా? మీరు గుటకేసింది కూడా వినబడింది. ఆ మిగిలింది కానిచ్చుకుని రండి," అంది.

అంటే ఈ నిశ్శబ్దమే మమ్మల్ని పట్టిస్తోందన్నమాట. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నేను దొరికినప్పుడు ఎవడైనా అడ్డుపడ్డాడా? ఆ తరవాత కూడా రోజూ ఆరున్నరకి ఆవిడ ఫోన్ చేసేది. రోజూ మిషను నడిచేది. నాలుగేళ్ళ కింద ఆ ఫోను ఆగిపోయింది. మనిషే పోయాక ఫోనెక్కడిది?

మిగతావాళ్ళ ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. పూటకి పదిసార్లు నిశ్శబ్దం. అది నాకు ఇంట్లో కావలసినంత ఉంది; దాని కోసం బట్టలు మార్చుకుని బార్ దాకా రావాలా?

పోయిన నెల మేనేజరుకి అర్జీ పెట్టాను. ఈ ఆచారం రద్దు చెయ్యాలి, ఇంటి ఫోనొస్తే పాట సౌండు రెట్టింపు చెయ్యాలి అని రాశాను. శుక్రవారం ఆరింటికి కస్టమర్ల చేత చేతులెత్తించి తేల్చేద్దామన్నాడాయన. అర్జీ ఓడిపోతే ఈ గడప తొక్కనని అందరి ముందూ అనేశాను. అన్నమాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. ఇంకో బార్‌లో నాకు మూల టేబుల్ లేదు.

శుక్రవారం నేను లేచి రెండు ముక్కలు చెప్పానో లేదో, పక్కనే ఉన్న మా బావమరిది చెయ్యి లేచింది. మొదటి ఓటు మావాడిదే అని మురిసిపోయాను. ఓటు కాదు. ఫోనొచ్చింది.

బార్ మూగబోయింది.

"బావ ఇంట్లో ఉన్నా," అన్నాడు వాడు పెళ్ళాంతో. "ఒక్కడే ఉంటాడు కదా, చూసిపోదామని వచ్చా."

అవతల నుంచి ఏదో అడిగారు. వాడు గబుక్కున ఫోను నా చేతిలో పెట్టాడు.

"అన్నయ్యా, ఈయన నిజంగా మీ ఇంట్లోనే ఉన్నారా?"

ముప్ఫైమంది నన్నే చూస్తున్నారు. నిజం చెబితే వాడి పని అయిపోతుంది. ఈ నిశ్శబ్దం ఎవడినీ కాపాడదని రుజువై అర్జీ నెగ్గుతుంది.

"ఇక్కడే ఉన్నాడమ్మా."

"అసలేం చప్పుడు లేదేంటి? టీవీ కూడా పెట్టుకోలేదా? మీ ఇంట్లో ఎప్పుడూ ఇంతేనా అన్నయ్యా?"

"ఇంతేనమ్మా."



"సరే, ఆయన్ని ఇంకొంచెంసేపు ఉండమనండి," అని పెట్టేసింది.

ఇన్నేళ్ళలో ఆ బార్ నుంచి వెళ్ళిన అబద్ధాల్లో ఇంటివాళ్ళు నమ్మింది అదొక్కటే. ఇక ఓటింగు గోల ఎవరికీ గుర్తులేదు. ఓటింగే జరగలేదు కాబట్టి అర్జీ ఓడలేదు. అర్జీ ఓడలేదు కాబట్టి నేను మాట తప్పలేదు.

ఆ రోజు నుంచి ట్రాఫిక్ మాయమైంది. గ్రౌండు ఖాళీ అయింది. ఐదు నుంచి ఏడు దాకా ఇన్సూరెన్సాయన, డ్రిల్లు మాస్టారు, పళ్ళ డాక్టరు అంతా మా ఇంట్లోనే ఉంటున్నారు. ఫోను నా చేతికిస్తారు. నేను "ఇక్కడే ఉన్నాడమ్మా" అంటాను. ఒంటరివాడికి తోడుంటున్నందుకు వాళ్ళకి ఇళ్ళల్లో మంచి పేరొచ్చిందట. చూశారా, బార్ మర్యాదలు మనిషిని ఎంత గొప్పవాణ్ణి చేస్తాయో!

చిన్న లోటొకటుంది. ఈ నాలుగేళ్ళలో మా గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. మా బావమరిదితో సహా.

కాబట్టి కస్టమర్లారా, అరవండి, చిటికెలేయండి, పళ్ళు తెచ్చి పల్లీల పక్కన పెట్టండి. కానీ రోజూ ఉంటున్నామని చెప్పుకునే ఇంటి తలుపు ఏ రంగులో ఉందో ఒక్కసారైనా వచ్చి చూసి పోండి. రేపు ఇంటివాళ్ళు అడిగితే ఏం చెబుతారు?

వచ్చేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ రండి.