దిండు కింద రిసీవర్

అసిస్టెంటు లైబ్రేరియన్‌గారికి ఈ లోకంలో ఇద్దరంటేనే భయం. ఒకరు ఇంట్లో ఉన్న భార్య, ఇంకొకరు ఫోన్లో ఉండే ఆవిడ అక్క. ఆ అక్కాచెల్లెళ్ళు మాటల్లో పడితే ఆరేసిన బట్టలు ఆరి, మడతపడి, మళ్ళీ మాసిపోవాల్సిందే.

ఆ రోజు సాయంత్రం ఐదులోగా ఆయన దరఖాస్తు ఈమెయిల్లో చేరాలి. పదకొండేళ్ళుగా అతుక్కుపోయిన ‘అసిస్టెంటు’ ఊడాలంటే అదొక్కటే దారి. మధ్యలో వదినగారు ఫోన్ చేస్తే, ఫోన్‌తోనే నడిచే ఇంటర్నెట్ తెగిపోతుంది. అందుకే పొద్దున్నే పడగ్గదిలోని రెండో ఫోన్ రిసీవర్ ఎత్తి దిండు కింద దాచేశారు. ఆవిడకి ఎంగేజ్ వస్తుంది, మోడెమ్‌కి వేరే వైరుంది కాబట్టి దాని దారి దానిది అని ఆయన లెక్క. తన తెలివికి తనే మురిసిపోయారు.

తీరా కంప్యూటర్ పెడితే ‘డయల్ టోన్ లేదు’ అంది. ఆపి, మళ్ళీ పెట్టారు. వైర్లన్నీ పీకి, ఊది, గుచ్చారు. మోడెమ్‌ని నాలుగు లావుపాటి పుస్తకాల మీద కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి కూడా అదే మాట.

“ఏమండీ, ఏమైందంటోంది?” అంది భార్య.

“నీకు చెప్పినా అర్థం కాదులే.”

“సరే, అర్థమయ్యాక మీరే చెప్పండి,” అని ఆవిడ పక్కింటికి వెళ్ళిపోయింది.

మూడున్నరకి ఆయన వీధి చివర బూత్‌కి పరుగెత్తి, కంప్యూటర్ షాపతనికి ఫోన్ చేశారు.

“ఇంట్లో ఏదైనా ఫోన్ ఎత్తిపెట్టి ఉందా సార్? ఉన్నది ఒక్కటే లైను. ఒకటి ఎత్తితే అన్నీ మూగబోతాయి.”

ఆయనకి దిండు గుర్తొచ్చింది. రొప్పుతూ ఇల్లు చేరి పడగ్గదిలోకి దూకారు. భార్య మంచం మీద కూర్చుని దిండు గలీబు మారుస్తోంది. ఒళ్ళో రిసీవర్.

“ఇదేమిటండీ, దీనికి నిద్రొచ్చిందా?”

ఆయన రిసీవర్ లాక్కుని ఫోన్ మీద పెట్టి కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తారు. పీకి గుచ్చిన వైర్లలో ఏది ఎక్కడిదో తేలేసరికి ఐదుంపావు. ఆయన కుర్చీలో కూలబడ్డారు. నిజంగానే కళ్ళు చెమర్చాయి.

భార్యకి జాలేసింది. “ఊరుకోండి. మీ దరఖాస్తు మూడింటికే వెళ్ళిపోయింది.”

“ఎలా?”

“పొద్దుట్నుంచీ మన ఫోన్ ఎంగేజ్ వస్తోందని అక్క కంగారుపడి పక్కింటికి చేసింది. బల్లమీద మీరు రాసుకున్న కాగితం పట్టుకెళ్ళి చదివి వినిపించాను. వాళ్ళాఫీసులో కూర్చుని టైపు చేసి పంపేసింది. మీ తప్పులు ఆరున్నాయట, దిద్దింది.”

ఆయన మీసం చాటున నవ్వు దాగలేదు. “మరి జవాబు?”

“అక్క ఈమెయిల్ అడ్రసుకే వస్తుంది. వచ్చిందో లేదో రోజూ సాయంత్రం ఫోన్ చేసి చెబుతానంది. మీతోనే మాట్లాడుతుందట.”

మర్నాడు సాయంత్రం వదినగారి ఫోన్ కోసం ఆయన గంట ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.