భూమన్న రెండు కొసల తీగ

విఘ్నరాజ నిన్ను వినయమ్ముతో గొల్తు
దంత మొకటి దాల్చు దైవరాయ
తీగ కొసలు రెండు తికమక పడకుండ
తెలివినిమ్ము మాకు దేవదేవ!

ఊర్జానగర్ కాలనీలో ఆ ఆదివారం ఉదయం భూమన్న ఇంట రెండు మహాకార్యాలు తలపెట్టారు. పదిన్నరకు భూమన్న కంప్యూటర్ ముందు కూర్చొని కోఠారిలోని బంధువులకు పురాణం వినిపించాలి. పదకొండుకు కోడలు ప్రతిభ ఆటల కన్సోల్‌పై కాలనీ క్లబ్బు వారి ఫుట్‌బాల్ ఫైనల్ ఆడాలి. ఇంటికి వచ్చే ఇంటర్నెట్ తీగ మాత్రం ఒక్కటే.

"మీరే కూసోండి మామా. వైఫైతో ఆడనియ్యరు, పావుగంట కనబడకుంటే ఓడినట్టే అంటరు. పోతే పోనీ."

"పోనీ ఏంది బిడ్డా! ముప్పై ఏండ్లు పవర్‌హౌస్‌ల పనిజేసి ఊళ్లకు ఊళ్లు ఎలిగించిన. ఒక్క తీగను రెండు మిషన్లకు పంచలేనా?"

అన్నట్లే ఎనిమిది రంధ్రాల పెట్టె ఒకటి తెచ్చి, వచ్చే తీగను అందులో గుచ్చి, అక్కడి నుండి కంప్యూటర్‌కు ఒకటి, కన్సోల్‌కు ఒకటి కలిపాడు. రెండూ దివ్యంగా పనిచేశాయి. పురాణం మొదలైంది. ఏనుగు కాలిని మొసలి పట్టుకున్న ఘట్టంలో భూమన్న మంచినీళ్లకని లేచాడు. పెట్టె పక్కన రెండు తీగలు మిగిలి ఉన్నాయి. పవర్‌హౌస్‌లో ఏ లైనునూ ఒకవైపు సరఫరాకే వదిలేవారు కారు. రెండు వైపుల నుండీ కరెంటు ఇచ్చేవారు. ఆ ధర్మం స్మరించి, వాటిలో ఒక తీగ రెండు కొసలనూ ఆ పెట్టెలోనే గుచ్చాడు.

పెట్టె దీపాలన్నీ ఒక్కసారిగా పిచ్చెత్తినట్లు మెరిశాయి.

"సూడు బిడ్డా, ఏం జోరుగొచ్చిందో!"

"మామా, నాది బందైంది!"

"జోరు సాల్తలేదు" అని రెండో తీగను కూడా అలాగే గుచ్చాడు. దానితో అన్ని ఇళ్లకూ తీగలు పంచే మెట్ల దగ్గరి పెద్ద పెట్టె స్తంభించి, భవనంలోని పన్నెండు ఇళ్లకూ ఇంటర్నెట్ ఆగిపోయింది.

కోఠారి నుండి చెల్లెలు సారక్క ఫోను. "అన్నా, మొసలి కాలు పట్టినంక గాడ్నే ఆపినవ్. ఇడిపిస్తవా లేదా? ఈడ ముసలోళ్లు కండ్లనీళ్లు పెట్టుకుంటున్నరు!"

పదకొండు దాటి పది నిమిషాలైంది. ప్రతిభ కళ్లలోనూ నీళ్లే. కనెక్షన్ చూసే ఓంప్రకాష్ వచ్చి, మెట్లపై గుమిగూడిన జనాన్ని తోసుకుంటూ లోపలికి నడిచాడు. అతని వెనుకే పై అంతస్తు సంజీవ్ ఊగిపోతూ దిగాడు.

"ఎవరు బంద్ చేసిండ్రు? నాకు ఆఫీస్ మీటింగ్ ఉంది!"

ప్రతిభ అతని చేతి వంక చూసింది. "మీటింగుకు గా ఆట కంట్రోలర్ ఎందుకు అన్నా?"

సంజీవ్ చేతిని వెనక్కు దాచుకున్నాడు. అక్కడే అతని భార్య ఉజ్వల నిలబడి ఉంది.

"అహో! నెల రోజుల సంది ఆదివారం మీటింగంటే గిదేనా?"

"ఫైనల్ ఉజ్వలా! ఇంకో అయిదు నిమిషాలైతే ఆ 'అన్నపూర్ణ' అని పేరు పెట్టుకున్నోడు ఆడకుండనే గెలుస్తడు!"

"పెట్టుకున్నోడు కాదు, పెట్టుకున్నామె" అంది ప్రతిభ, తన కంట్రోలర్ పైకెత్తి. "అన్నపూర్ణను నేనే!"

మెట్ల మీద జనం ఘొల్లుమన్నారు. ఇద్దరూ కనబడలేదు గనుక క్లబ్బువారు ఎవరినీ ఓడించలేక ఫైనల్‌ను పన్నెండుకు మార్చారు. ఈలోగా ఓంప్రకాష్ పెట్టె ముందు కూర్చున్నాడు.

"కాకా, ఈ తీగ యాడ్నుంచి వస్తుంది?"

"ఈ పెట్టె నుంచి."

"యాడికి పోతుంది?"

భూమన్న తీగ వెంబడి వేలు జరుపుకుంటూ పోయాడు. "...ఈ పెట్టెకే."

"కరెంటు సంగతి వేరే కాకా. గిట్ల పెడితే పంపింది పంపినట్టే గిర్రగిర్ర తిరుగుతది, వేరేది కదలనియ్యదు." ఓంప్రకాష్ రెండు తీగలనూ లాగేశాడు. పన్నెండు ఇళ్లలో ఒకేసారి కేరింతలు వినిపించాయి.

కోఠారిలో మొసలి కాలు విడిచింది. ఫైనల్‌లో ప్రతిభ నాలుగు గోల్స్‌తో గెలిచింది. ఆడినంతసేపూ సంజీవ్ కుర్చీ వెనుక ఉజ్వల నిలబడే ఉందట.

ఈ కథ చదివినవారికీ విన్నవారికీ ఆ ఏకదంతుడు ఆయురారోగ్యాలు ప్రసాదించి, వారి ఇంట ప్రతి తీగ రెండో కొసకూ వేరొక చోటు చూపించుగాక.