మూడో అంతస్తు ఎక్కిన లారీ

సర్దుడమ్మ ఆ రోజు లేచి వేసుకున్న పథకం చాలా చిన్నది. యార్డుకు వెళ్ళి, భర్త బయల్దేరే లోపు లారీ కేబిన్ ఒకసారి తుడిచి, మాసిన గుడ్డలు సంచిలో వేసుకుని, ఎండ ముదరక ముందే ఇల్లు చేరి ఉతికి ఆరేయాలి. అంతే. అందులో ఎవరి కొంపా మునిగేది ఏమీ లేదు.

ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఏ వస్తువైనా ఉన్నచోట ఉంటే ఆమెకు నిద్ర పట్టదు. దాన్ని ఇంకా మంచి చోట పెట్టాలి. పెట్టాక ఆ మంచి చోటు ఏదో ఆమెకే గుర్తుండదు, అది వేరే సంగతి. కట్టుడు పళ్ళు ఒకసారి పంచదార డబ్బా వెనకాల దొరికినప్పటి నుంచీ, ఆవిడ అత్తగారు పడుకునేటప్పుడు కూడా పళ్ళు తీయడం మానేసింది.

భర్తను తోటి డ్రైవర్లు నిదానం అనేవారు. ఇల్లు తగలబడుతోందన్నా చెప్పులు సరిగ్గా తొడుక్కుని గానీ లేవడు. ఆయన నడిపే లారీ ఆయనది కాదు, కంపెనీ దగ్గర లీజుకు తీసుకున్నది. ఏళ్ళ తరబడి కిరాయిలో కోత పెట్టించుకుంటూ, టైర్లూ రిపేర్లూ నెత్తిన వేసుకుంటూ లాక్కొచ్చాడు. ఆ రోజు వేసిన లోడే ఆఖరిది. కొండ అవతలి ఫ్యాక్టరీ గేటు లోపలికి పొద్దు గుంకే లోపు చేర్చాడా, లారీ తమదైపోతుంది. లేదా, లారీ కంపెనీదే, ఇన్నేళ్ళు కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

చేరిందో లేదో చెప్పేది మనిషి కాదు. డ్రైవరు ముందు అతికించిన ఒక నల్ల పెట్టె. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, దానికి ఆకుపచ్చగా వెలిగే కన్ను ఒకటి. బండి ఎక్కడుందో ఆఫీసులో తెర మీద చుక్కలా చూపిస్తూ ఉంటుంది. ఆ తెర ముందు కూర్చునే ఆయన్ని అందరూ గీతలాయన అనేవారు. మ్యాపు మీద గీత గీసి ఇదే దారి అనేవాడు, ఆ గీత పొడవు కొలిచి అంతకే డీజిల్ ఇచ్చేవాడు. గుంటలూ మలుపులూ ఉంటాయి మహాప్రభో అంటే గీత మీద గుంటలేవీ అనేవాడు. కొండ దారిలో మధ్యాహ్నం దాకా లారీలను వదలరంటే, నా గీత మీద గేటు లేదే అనేవాడు. డ్రైవరు ఒట్టు వేసి చెప్పినా ఆయన నోట ఒకటే మాట.

"పెట్టె ఎక్కడుంటే లారీ అక్కడ. నువ్వు చెప్పేది నాకు అక్కర్లేదు."

యార్డు దాటే ప్రతి లారీలో పెట్టె సరిగ్గా ఉందో లేదో ఆయన దిగివచ్చి చూసి సంతకం పెట్టాలి. మోకాళ్ళ నొప్పులని చెప్పి కుర్చీలోంచే పెట్టేసేవాడు. ఆ రోజూ అలాగే పెట్టాడు.

సర్దుడమ్మ కేబిన్ ఎక్కి చూసింది. సీటు మీద దుమ్ము, గేరు రాడ్డుకు తువ్వాలు, అద్దం ముందు టీ గ్లాసు ఆనిన మరకలు. కొంగు బిగించింది. భర్త ఫోను ఎక్కడ జారి పడుతుందోనని దుప్పటి మడతలో చుట్టి సీటు కిందకు తోసింది. జిగురు వదిలి ఊగుతున్న నల్ల పెట్టెను ఊడదీసి, దాని కింద మరక తుడిచింది. చేతిలో ఉన్న దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఇప్పుడే మళ్ళీ పెట్టేద్దామని సంచిలో తువ్వాళ్ళ మీద పెట్టింది. తువ్వాళ్ళ మీద టిఫిన్ క్యారియర్ పెట్టింది. ఆ పైన దిండు గలీబు కుక్కింది. అంతలో హారన్ మోగింది, ఆమె దిగింది, లారీ కదిలింది.

గీతలాయన టీ తాగుతూ తెర చూసుకున్నాడు. కొండ వైపు పోవలసిన చుక్క ఊళ్ళోకి తిరిగింది. కాస్త దూరం పోవడం, ఆగడం, మళ్ళీ పోవడం. డ్రైవరుకు ఫోను చేస్తే మోగుతోందే గానీ ఎత్తే నాథుడు లేడు. కాగితాల్లో రెండో నంబరు వెతికి సర్దుడమ్మకు చేశాడు. ఆమె బస్సులో కిటికీ పక్కన, ఒళ్ళో సంచితో కూర్చుని ఉంది.

మీ ఆయన లారీని బట్టల కొట్ల వీధిలో ఆపాడేమిటని అడిగాడు. ఆమె కిటికీలోంచి చూసింది. "నేను ఆ వీధిలోనే ఉన్నానండీ. ఇక్కడ లారీ ఏదీ లేదే" అంది. కాసేపటికి మళ్ళీ చేసి, ఇప్పుడు వంతెన మీద ఉందన్నాడు. ఆమె బస్సూ వంతెన మీదే ఉంది. ఆఖరి లోడు వదిలేసి ఈయన లారీతో నా వెంట పడ్డాడా ఏమిటి అనుకుని, దిగాల్సిన చోటికి ముందే దిగి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ సందుల్లో పడి నడిచింది. అక్కడ తెర మీద చుక్క కూడా స్కూటరు పట్టని సందుల్లో మెలికలు తిరిగింది. గీతలాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. చుక్క ఒక ఇంటి మీదికి పోయి ఆగిపోయింది. అది డ్రైవరు ఇల్లే.

లోడు అమ్ముకుంటున్నాడు, అనుకున్నాడు గీతలాయన. లారీ జప్తు కాగితం, చక్రానికి వేసే గొలుసూ తాళం కారులో పడేసుకుని బయల్దేరాడు. మూడు అంతస్తులు మోకాళ్ళు పట్టుకుని ఎక్కి, భుజాన గొలుసుతో తలుపు కొట్టాడు. అత్తగారు తీసింది.

"లారీ ఎక్కడుందమ్మా?" అన్నాడు రొప్పుతూ.

ఆవిడ ఆయన్నీ, గొలుసునూ ఎగాదిగా చూసింది. "వంటింట్లో లేదు నాయనా, ఇప్పుడే అక్కడి నుంచి వస్తున్నా. మంచం కింద కావాలంటే చూసుకో. మా కోడలు సర్దిందంటే ఎక్కడైనా ఉండొచ్చు."

ఆ మాట పూర్తయ్యేసరికి లోపల సర్దుడమ్మ సంచి బకెట్లో బోర్లించబోతోంది. తువ్వాళ్ళ మధ్య నుంచి ఆకుపచ్చ కన్ను ఆమెను చూసింది. ఆ పెట్టె చేరకపోతే లారీ చేరనట్టే. ఇన్నేళ్ళ ఆయన నడ్డి విరుపు అంతా ఈ బకెట్లో మునిగేదే.

గుమ్మంలోంచి అది చూసి గీతలాయన మొహం వికసించింది. "పెట్టె ఎక్కడుంటే లారీ అక్కడ. లారీ ఇప్పుడు మీ బకెట్ దగ్గరుంది. పొద్దు గుంకే దాకా ఇక్కడే ఉంటుంది" అని జప్తు కాగితం విప్పాడు.

సర్దుడమ్మ పెట్టెను గుండెకు హత్తుకుంది.

"అలాగే కానీండి బాబూ. పెట్టె చేరితే లారీ చేరినట్టేగా? నేను తీసుకుపోయి చేరుస్తాను. కాకపోతే ఒక్క మాట. ఇది నా సంచిలో ఉండగా, లారీలో ఉందని యార్డులో సంతకం పెట్టింది ఎవరో?"

సరిగ్గా అప్పుడే గీతలాయన ఫోను మోగింది. కంపెనీ యజమాని. ఆయన ఎక్కడో దూరాన ఉండి తన ఫోనులో అదే చుక్కను చూస్తున్నాడు. ఆ లోడు ఆలస్యమైతే ఫ్యాక్టరీ మనల్ని వదిలేస్తుంది, బండి ఇళ్ళ మధ్య ఎందుకు ఆగిందని అడిగాడు. పెట్టె చూడకుండా సంతకం పెట్టానని చెబితే ఉద్యోగం ఊడుతుంది. "ఇదిగో, బయల్దేరుతోందండీ" అన్నాడు గీతలాయన. అనేశాక, బయల్దేరక తప్పలేదు.

కారులో ముందు ఆయన, వెనక సంచితో సర్దుడమ్మ. యజమాని చూస్తున్నాడు కాబట్టి గీత దాటే వీల్లేదు. తాను గీసిన గీత మీద ఆయన ప్రయాణం చేయడం అదే మొదటిసారి. అది ముందుగా ఒక సంతలోకి తీసుకెళ్ళింది. అక్కడ గంపలు జరిపించుకుంటూ, తిట్లు తింటూ బయటపడ్డారు. తర్వాత రోడ్డు ఉన్నచోట గుంటలు కాదు, గుంటలు ఉన్నచోట అక్కడక్కడా రోడ్డు. ప్రతి గుంటకూ ఆయన తల కారు కప్పుకు తగిలేది. "గీత మీద గుంట లేదండీ, మీకు అలా అనిపిస్తోంది" అని వెనక నుంచి సర్దుడమ్మ ధైర్యం చెప్పేది.

పెట్రోలు బంకు దగ్గర ఆయన గీత కొలిచి, దానికి సరిపడా మాత్రమే పోయించాడు. ఇంకాస్త పోయించండి బాబూ, కొండ ఉంది అని ఆమె బతిమాలింది. కంపెనీ ఇచ్చేది లెక్క ప్రకారమే, పైది తన జేబులోంచి పోయాలంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. కొండ సగం ఎక్కాక కారు రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

దిగి రాళ్ళ మీద కూర్చున్నారు. ఫోనుకు సిగ్నల్ లేదు. పైన పొద్దు వాలుతోంది. గీతలాయన రోడ్డు వైపు చూశాడు, తర్వాత గీత వైపు చూశాడు. గీతలో ఒక్క మలుపూ లేదు, కళ్ళ ముందు మాత్రం కొండ చుట్టూ పాములా తిరిగిన దారి. సర్దుడమ్మ మాత్రం కింది మలుపు మీద నుంచి చూపు తిప్పలేదు. ఎక్కడో బరువుగా ఒక మూలుగు వినిపించింది. మధ్యాహ్నం దాకా కింద గేటు దగ్గర ఆపేస్తే, వదిలాక నింపాదిగా ఎక్కివస్తున్న తన లారీ మూలుగు అది. ఆ చప్పుడు ఆమెకు అత్తగారి గురకంత తెలుసు.

నిదానం బండి ఆపి తల బయటికి పెట్టాడు. రోడ్డు పక్కన రాయి మీద పెళ్ళాం, ఆమె పక్కన ఆఫీసాయన, ఇద్దరి మధ్యా మాసిన బట్టల సంచి. చాలాసేపు చూశాడు.

"ఏమే, ఉతకడానికి నీళ్ళు ఇంత దూరంలో గానీ దొరకలేదా?"

కథంతా ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన లారీ దిగాడు. తాడు తీసి కారును లారీ వెనక కట్టాడు. గీతలాయన తన కారులో తానే స్టీరింగ్ పట్టుకుని, లారీ తోక చూసుకుంటూ కొండ ఎక్కాడు. కేబిన్లో సర్దుడమ్మ పొద్దును చూస్తూ, ఈ ఒక్కరోజుకు నిదానం మానండి అని వేడుకుంది. ఆయన విన్నాడు, అదే వేగంతో పోయాడు. వేగం పెంచిన బండి ఒకటి దిగుడులో బోల్తా పడి కనిపించాక ఆమె మళ్ళీ నోరెత్తలేదు.

ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక పొద్దు జానెడు మిగిలి ఉండగా గేటు వచ్చింది. తాడు విప్పి లారీని లోపలికి వదిలారు, కారును బయటే ఆపమన్నారు. "పెట్టె ఇవ్వు, అతికిద్దాం" అన్నాడు నిదానం చెయ్యి చాపి. సర్దుడమ్మ సంచి తీసింది. గలీబు ఉంది, క్యారియర్ ఉంది, తువ్వాళ్ళున్నాయి. పెట్టె లేదు.

"గుంటల్లో ఎగిరి పడుతుందని మంచి చోట పెట్టానండీ" అంది, ఆ చోటు ఏదో గుర్తు రాక.

సంచి దులిపారు. కారు సీట్లు ఎత్తారు. పొద్దు సగానికి దిగింది. గీతలాయన మోకాళ్ళ మాట మరచిపోయి కారు కింద దూరి వెతికాడు, గొలుసు ఎత్తి చూశాడు, చెమటలు కక్కుతూనే, ఆఫీసాయనలా కనిపిస్తే గానీ వదలరని విప్పిన కోటు వేసుకుని గేటు లోపలికి పరిగెత్తి లారీ కింద కూడా పాకాడు. అప్పుడు మోగింది ఆయన ఫోను.

"శభాష్," అన్నాడు యజమాని. "చుక్క ఇప్పుడే గేటు దాటింది. పొద్దుండగానే."

గీతలాయన మెల్లగా కోటు జేబులో చెయ్యి పెట్టాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి. పెట్టె చల్లగా వేళ్ళకు తగిలింది. దారిలో ఆయన విప్పేసిన కోటు నలిగిపోతోందని మడత పెట్టి సర్దింది ఆవిడే.

యజమాని ఇంకా మాట్లాడుతున్నాడు. ఊరంతా తిరిగి, ఇళ్ళ మీద నుంచి వచ్చి కూడా బండిని వేళకు చేర్చాడంటే ఆ డ్రైవరు సామాన్యుడు కాదన్నాడు. లారీ అతని పేర ఇప్పుడే రాసి, అక్కడే సంతకం పెట్టి ఇచ్చేయమన్నాడు. జప్తు కోసం తెచ్చిన పెన్నుతోనే పెట్టాడు గీతలాయన, ఈసారి నిలబడి, పెట్టెను కళ్ళతో చూసి మరీ పెట్టాడు. కాగితం సర్దుడమ్మ అందుకోబోతే నిదానం జీవితంలో మొదటిసారి చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నా దగ్గరుంటుంది లేవే."

ఇద్దరూ వాళ్ళ సొంత లారీ ఎక్కి, ఎవరి గీతా కాని దారిన, హారన్ కొట్టుకుంటూ ఇంటికి పోయారు. ఆ నెల నుంచే కంపెనీలో గీత ప్రకారం కాక, రోడ్డు ప్రకారం డీజిల్ ఇస్తున్నారు. ఆ రోజు సంతకూ, గుంటలకూ, కొండ మలుపులకూ అన్నిటికీ లెక్క సరిచేశారు. మూడు అంతస్తుల మెట్లకు ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.